మూడు గింజల గుర్తు

నాంపల్లిలో పొద్దున్నే బయల్దేరే ప్యాసింజరులో ఇంజనుకు వీపు చేసి కూర్చోవాలి. ఈ సంగతి తెలియనివాళ్ళు తాండూరులో దిగేసరికి బొగ్గు బట్టీలో పని చేసి వచ్చినట్టు ఉంటారు. నేను మూడేళ్ళుగా ఆ దారిన వచ్చిపోతున్నవాణ్ణి కనుక ఆరింటికే స్టేషను చేరి, మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన చోటు పట్టాను. ఒళ్ళో ఒక కాగితం చుట్ట. దాన్ని నలగకుండా తాండూరు చేర్చడమే నా పని.

హైదరాబాదులో కమర్షియల్ ఆర్ట్ చదువుతున్నాను. పోస్టర్లు, పుస్తకాల అట్టలు, సబ్బుల మీది కాగితాలు, వ్యాపార గుర్తులు గీయడం నేర్పే చదువు. అది ఆఖరి సంవత్సరం. వచ్చే నెలలో మా ప్రదర్శన. ఈసారి మాస్టారు కొత్త మెలిక పెట్టారు. లేని దుకాణాలకు గుర్తులు గీసింది చాలు, మీరు గీసిన గుర్తును నిజంగా సరుకు మీద వేసుకునే మనిషిని ఒక్కణ్ణి పట్టుకోండి, వేసిన సరుకు తెచ్చి చూపండి, అది లేనివాళ్ళకు గోడ మీద చోటు లేదు అన్నారు. సిటీ పిల్లలకు మేనమామల దుకాణాలున్నాయి. నాకున్నది గొర్రెల మంద.

ఆ మందే అక్కరకు వచ్చింది. మా నాయన మల్లయ్య ధారూరు పక్క ఊళ్ళో గొర్రెలు కాస్తాడు. చలికాలం గొంగళ్ళు తీసుకుపోయి తాండూరులో అమ్ముతాడు. అక్కడ ఒక కందిపప్పు మిల్లు యజమానులు, అన్నదమ్ములు, వేరుపడ్డారు. బస్తాల మీద వేసే పాత దీపం గుర్తు పెద్దాయనకు పోయింది. చిన్న సేటుకు కొత్త గుర్తు కావాలి. అక్షరాలు పనికిరావు. ఆ పప్పు పోయే ఊళ్ళలో ఒకచోట తెలుగు, ఒకచోట కన్నడం, ఇంకోచోట మరాఠీ. మోసే హమాలీలకు ఏదీ చదవడం రాదు. సేటు ఈ గోడు వెళ్ళబోసుకుంటుంటే, మావాడు బొమ్మలేస్తాడని మా నాయన నోరు జారాడట. సేటు పిలుపు అందిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

శంకరపల్లిలో ఎక్కిన తలపాగా పెద్దమనిషి నా చుట్ట వంక చూసి ఏం చదువుతున్నావని అడిగాడు. చెప్పాను. కాసేపు ఆలోచించి, "అంటే సినిమా బొమ్మలా?" అన్నాడు. కాదని వివరించబోయాను. సగంలోనే ఆవలించాడు.

వికారాబాదులో బండి చాలాసేపు ఆగుతుంది. ఇంజను నీళ్ళు తాగేలోపు మనం చాయ్ తాగవచ్చు. మాఘమాసం కాబట్టి రేగుపళ్ళ గంపలు ప్లాట్‌ఫారం పొడుగునా ఉన్నాయి. కొంగున పోయించుకునే ఆడవాళ్ళకు గుప్పెడు కొసరు వేస్తారు, జేబులో పోయించుకునే మగవాళ్ళకు వెయ్యరు. స్టేషను దాటాక అనంతగిరి గుట్టలు కనిపిస్తాయి. ఆ కాసేపు పెట్టెలో అందరి మాటలూ తగ్గుతాయి, చెట్ల గాలి చల్లగా తగులుతుంది. ఆ ఒక్క ముక్క కోసమే ఈ బండి ఎక్కవచ్చు.

ధారూరులో నాయన గొంగళ్ళ మూటతో ఎక్కాడు. తలపాగా పెద్దమనిషి ఊరుకోకుండా ఆయన్నీ అడిగాడు, కొడుకు ఏం చదువుతున్నాడని. "పట్నంల పెద్ద సదువు," అని నాయన కిటికీ వైపు తిరిగాడు. మూడేళ్ళుగా మా ఊళ్ళో అందరికీ ఇదే జవాబు. ఆయనకు అబద్ధం చెప్పడం రాదు, నిజం ఏమని చెప్పాలో తెలియదు. నేను విప్పి చెప్పిన ప్రతిసారీ సరే అని తల ఊపుతాడు గానీ ఆ సరేలో పస ఉండదు. నాకు కష్టంగానే ఉండేది.

పది దాటాక తాండూరులో దిగాం. ఆ ఊళ్ళో నాపరాయికి కొదవ లేదు. నేలకు, గోడకు, చేను చుట్టూ కంచెకు కూడా అదే రాయి. స్టేషను ఎదుట ఒక కన్నడ అమ్మ నడిపే హోటలు ఉంది. "ఊట ఆయ్తా?" అని, భోజనమైందో లేదో మేం చెప్పేలోపే విస్తళ్ళు వేసింది. జొన్నరొట్టె, ముద్దపప్పు, పచ్చిపులుసు. తాండూరు వెళ్ళినవాళ్ళు ఆ పప్పు తినకుండా వస్తే వెళ్ళనట్టే లెక్క.

చిన్న సేటు మిల్లు అరుగు మీద నా కాగితం విప్పాను. గుండ్రని గీత, అందులో ఏటవాలుగా కందికాయ, కాయలో మూడు గింజలు. పదిహేను రోజుల పని. సేటుకు నచ్చింది. రేపు మధ్యాహ్నం బస్తాలు స్టేషనుకు పోతాయి, ఆలోపు గుర్తు పడాలి, లేదంటే వేరుపడ్డప్పటి నుంచి పంపుతున్నట్టే ఉత్త గీతలు గీకి పంపేస్తానన్నాడు.

బస్తాల మీద గుర్తు వేయడానికి రేకులో బొమ్మ మేరకు కోసి, ఆ రేకును గోనె మీద పెట్టి మసి రంగు అద్దుతారు. కోత నేనే కోస్తానన్నాను. నూనె డబ్బా రేకు తీసుకుని, సన్న ఉలితో మధ్యాహ్నమంతా కూర్చున్నాను. ముందు గింజలు, తర్వాత కాయ అంచు కోశాను. అంచు కలవగానే కాయ ముక్క కదిలింది, వేలితో నొక్కిపెట్టి గుండ్రని గీత మొదలుపెట్టాను. అప్పుడైనా బుద్ధి రావలసింది. గీత పూర్తయ్యేసరికి లోపలిదంతా, కాయా గింజలతో సహా, ఊడి నాపరాతి మీద పడి ఖంగుమంది. నా చేతిలో కంచమంత బొక్క ఉన్న రేకు మిగిలింది. కాలేజీలో ఎప్పుడూ కాగితం మీదే గీసినవాణ్ణి. రేకులో గీత అంటే సందు అని, చుట్టూ సందైతే లోపలిది నిలవదని తట్టలేదు.

సేటు వచ్చి ఆ రేకును ఒక గోనె మీద పెట్టి తనే రంగు అద్దాడు. నల్లటి గుండ్రని మచ్చ పడింది.

"మస్తుగుంది. రొట్టె మార్క పప్పు," అన్నాడు.

హమాలీలు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను గానీ లోపల ఏడుపు వచ్చింది. నాయన నవ్వలేదు. సాయంత్రం ధర్మశాలకు పోతూ దారిలో నాకు పల్లీలు కొనిపెట్టాడు. చిన్నప్పుడు నేను దెబ్బలు తిని వస్తే ఇలాగే కొనేవాడు.

తెల్లవారి పళ్ళు తోముకుంటుంటే ధర్మశాల ముందు నుంచి ఒక మంద పోయింది. ఎవరివో గొర్రెలు, నడుము మీద జాజు అనే ఎర్రమట్టితో ఒక్కొక్క అడ్డపట్టీ. మా దిక్కు ప్రతి ఇంటి మందకూ ఒక గుర్తు ఉంటుంది. మాది మూడు బొట్లు, ఏటవాలుగా. బొటనవేలు జాజులో ముంచి నాయన అద్దుతుంటే గొర్రెను పట్టుకోవడం నా పనిగా ఉండేది. ఆ బొట్లు ఒకదాన్నొకటి తాకవు. అయినా ఎదుటి గుట్ట మీద మేసే వంద గొర్రెల్లో మావేవో పలుగురాయిలా తెలిసిపోయేవి. వేపపుల్ల పారేసి మిల్లుకు పరుగెత్తాను.

గుండ్రని గీత తీసేశాను. కాయ అంచు తీసేశాను. మూడు గింజలు విడివిడిగా కోసి, వాటికి పైన ఒక వంపు, కింద ఒక వంపు పెట్టి, ఆ రెండూ ఎక్కడా కలవకుండా వదిలాను. నా వెనకే వచ్చిన నాయన రేకు కదలకుండా రెండు చేతులా పట్టుకున్నాడు. కోతకు గంట కూడా పట్టలేదు. ఏ ముక్కా ఊడలేదు. అద్ది రేకు ఎత్తితే గోనె మీద కందికాయ ఉంది. గీయని చోట కూడా కన్ను గీసుకుంటోంది.

సేటు మిల్లు గేటు దాకా నడిచి, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగి చూశాడు. తర్వాత హమాలీలతో, "ఎయ్యున్రి అన్నిటికీ. పెద్దన్నకు దీపం, నాకు గింజలు. ఇగ ఎవ్వల బస్తా వాళ్లదే," అన్నాడు. రేకు ఎత్తి రెండో గోనె మీద నేనే పెట్టాను. అంత సంతోషం నేను అదివరకు ఎరగను. మధ్యాహ్నానికి బస్తాలన్నీ బండ్ల మీద స్టేషనుకు పోయాయి. మాస్టారికి చూపడానికి సేటు ఒక ఖాళీ గోనెకు తనే గుర్తు అద్ది నాకిచ్చాడు.

మూడు దాటాక తిరుగు బండి. నాయన ఆ గోనె తన మోకాళ్ళ మీద పరుచుకుని కూర్చున్నాడు. చాలాసేపు చూసి, బొటనవేలితో గింజలను ఒక్కొక్కటే తడిమాడు.

"గివి మన బొట్లే గదరా," అన్నాడు.

అవునన్నాను. గోనె మడిచి నా ఒళ్ళో పెట్టి, ధారూరులో దిగిపోయాడు. ప్లాట్‌ఫారం మీద మా ఊరి పెద్దమనిషి ఎదురై, కిటికీలో నన్ను చూసి, పిలగాడి చదువు ఎందాకా వచ్చిందని అడిగాడు. నాయన ఈసారి పక్కకు తిరగలేదు.

"గుర్తులేసే సదువు. మా తాతల నుంచి ఉన్నదే. వీడు పట్నం పొయ్యి పక్కాగ నేర్సుకుంటుండు," అన్నాడు. బండి కదిలింది. నాయన ఆయనకు గాలిలో బొటనవేలు మూడుసార్లు అద్ది చూపిస్తున్నాడు.

తాండూరు వెళ్ళేవాళ్ళు ఒక రాత్రి ఉండేలా వెళ్ళండి. ఒక్క పూటలో చూసి వస్తే రాళ్ళూ మిల్లులే కనిపిస్తాయి, పొద్దున్నే వీధిలో పోయే మందలు కనిపించవు. వికారాబాదులో నాకు మళ్ళీ రేగుపళ్ళకు కొసరు దొరకలేదు. గోనె పరిచి పోయించుకుందామా అనిపించింది గానీ మనసు రాలేదు. పక్కన వచ్చి కూర్చున్న ముసలాయన ఆ గోనె చూసి, ఏం చదువుతున్నవు కొడకా అని అడిగాడు. కమర్షియల్ ఆర్ట్ అనబోయి ఆగాను.

"గుర్తులేసే సదువు," అన్నాను.

ఆయనకు వెంటనే అర్థమైంది.