పారిపోయిన గుల్లలు

నేపుల్స్‌లో మా వీధి చివర నున్జియాతా నడిపే హోటల్లో మెనూ కార్డు ఉండదు. ఉన్నవి ఏడు బల్లలు. పొద్దున రేవులో దొరికిందే ఆ పూట వంట. అదేమిటో ఆమె భర్త అనియెల్లో బల్ల దగ్గరికొచ్చి నోటితో చెబుతాడు. ఎదుటి కుట్టుషాపు నాది. ఇరవై రెండేళ్లుగా మధ్యాహ్న భోజనం అక్కడే చేస్తున్నాను. ఐసులో గడ్డకట్టిన చేప ఆ గుమ్మం దాటడం ఒక్కసారీ చూడలేదు.

ఫిబ్రవరిలో నాలుగు రోజులు నైరుతి గాలి వదలకుండా వీచింది. పడవలు కదల్లేదు. ఐదో రోజు, శుక్రవారం, దోన్ సబాతో అనే పెద్దాయన భోజనానికి వస్తానని కబురు చేశాడు. ఆయన కొండ రైలు నడిపి రిటైరైన మనిషి. ఎనభై ఒకటో ఏడు. కడుపు ఆపరేషనై రెండున్నర నెలలు ఆసుపత్రిలో ఉన్నాడు. నున్జియాతా చూడబోయినప్పుడు, ఇంటికొచ్చాక చిప్పలతోనే వండే సముద్రపు గుల్లలతో స్పగెట్టి చేసిపెట్టమని అడిగాడు. ఆమె మాటిచ్చింది.

బజారంతా తిరిగితే ఒక్క దుకాణంలో రెండు కిలోలు దొరికాయి. వాటిని ఉప్పునీళ్లలో వేసింది. పదింటికి నేను కాఫీకి వెళ్లేసరికి ఒక్కొక్క గుల్లనే వేలితో తడుతోంది. బతికున్నదైతే తట్టగానే మూసుకుంటుంది. చాలావరకు నోళ్లు తెరుచుకునే ఉన్నాయి.

"ఇదిగో, ఇది మూసుకుంది. ఇదీనూ. ఒక్క ప్లేటుకి ఇరవై ఏరలేవా?" అన్నాడు అనియెల్లో.

"చచ్చినవాటి పక్కన నానినవే కదా."

"ఆయనది ఇనప కడుపే!"

"ఆ ఇనుమునే కోసి కుట్టారు. ముందు నువ్వు తిను, చూస్తాను."

అనియెల్లో గుల్ల కింద పెట్టేశాడు. "పోనీ సూపర్ మార్కెట్లో ఐసువి తెస్తా. ఇన్నాళ్లు ఆసుపత్రి కూడు తిన్న నాలుక, తేడా ఏం తెలుస్తుంది?"

"నాకు తెలుస్తుందిగా," అంటూ రెండు కిలోలూ చెత్తబుట్టలో పోసింది.

ఒంటిగంటకి దోన్ సబాతో వచ్చాడు. నేను నడుము మూడు వేళ్లు తగ్గించి కుట్టిన ప్యాంటు వేసుకున్నాడు. అయినా అది వదులుగానే ఉంది. నున్జియాతా భోజనాల వేళ వంటిల్లు వదిలి రాదు. ఆ రోజు ప్లేటు తనే తెచ్చింది. టమాటా, వెల్లుల్లి, ఆకు తరుగు, స్పగెట్టి. గుల్లలు లేవు. సముద్రం ఏమీ ఇవ్వనినాడు ఇళ్లలో ఇలా వండుకుని, గుల్లలు పారిపోయాయని సరదాగా చెప్పుకుంటాం. హోటల్లో దాన్ని ఎవరూ వడ్డించరు.

"దోన్ సబాతో, మంచివి దొరకలేదు. ఇవి పారిపోయినవి. మాట తప్పాను."

ఆయన ప్లేటు వంక చూశాడు. "రెండున్నర నెలలు ఆశపెట్టి ఇదా అమ్మాయ్, నాకు పెట్టేది?"

"ఇదే."

ఆయన ఫోర్కు తీసుకున్నాడు. ఆమె అక్కడే నిలబడింది. నాలుగు ముద్దలు తిన్నాక ఆయన తలెత్తాడు.

"అనియెల్లో! తిన్నాక ఖాళీ చిప్పలు వేసుకునే గిన్నె ఏదయ్యా? రాను రాను మర్యాద తగ్గిపోతోందిక్కడ."

అనియెల్లో నవ్వకుండా ఖాళీ గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టాడు. బల్లల దగ్గర అందరం నవ్వాం. నున్జియాతా నవ్వలేదు.

"గాలి తగ్గినా ఆదివారం పడవలు వెళ్లవు. సోమవారం వెళ్తే మర్నాటికి గుల్లలొస్తాయి. మంగళవారం రండి," అంది.

"మంగళవారం పన్నెండింటికి డాక్టరు దగ్గరుండాలి."

"మీరొచ్చాకే స్పగెట్టికి నీళ్లు పొయ్యి మీద పెడతాను."

"అయితే డాక్టర్నే తొందరపెడతాలే," అంటూ ఆయన రొట్టె ముక్కతో ప్లేటు తుడిచాడు.