పుస్తకంలో నల్లటి వేలిముద్ర

కోరుట్లలో అల్యూమినియం వంట గంజులకు మెరుగు పెట్టడం నా పని. రోజంతా గరుకు కాగితంతో, మిషన్‌తో రుద్దీ రుద్దీ సాయంత్రానికి భుజాలు లేవవు. అయినా గ్రంథాలయంలో కాసేపు చదివే ఇంటికి వెళ్తాను. బడి మధ్యలోనే మానేసిన నాకు తెలిసిన నాలుగు ముక్కలూ అక్కడివే.

ఒకరోజు అగ్నిప్రమాదాల పుస్తకంలో లోహపు పొడి అంటుకుంటే ఏం చేయాలో చదువుతుంటే ఆ పేజీపై నా నల్లటి బొటనవేలి ముద్ర పడింది. "చేతులు కడుక్కొని రావద్దా? పుస్తకమంత మసి చేస్తివి!" అని లైబ్రేరియన్ మేడమ్ అందరి ముందూ గద్దించింది. ఆ సిగ్గుతో పేజీ మొత్తం మనసులో నిలిచిపోయింది.

కిందటి వేసవిలో మా యజమాని యాకూబ్ భాయ్ తన షాపులో మిషన్‌తో ఇనుప స్టాండు కోస్తుండగా, నిప్పురవ్వలు మూలనున్న అల్యూమినియం పొడిపై పడ్డాయి. కళ్లు చెదిరే తెల్లటి మంట లేచింది. పై గదిలో ఆయన భార్యాపిల్లలు ఉన్నారు. ఆయన నీళ్ల బకెట్ ఎత్తాడు.

"భాయ్, నీళ్లు పొయ్యకు! పేలుతది!"

"పాగల్ అయినవా? మంటకు నీళ్లు గాక ఏం పోస్తర్ర?"

"ఇసుక!" అంటూ ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాను.

బయట ఇల్లు కట్టడానికి పోసిన పొడి ఇసుక తెచ్చి, మంట కనబడకుండా ఇద్దరం మెల్లగా కప్పేశాం. తర్వాత గడప మీద కూలబడ్డాం.

"గిది నీకెవలు చెప్పిండ్రు?"

"లైబ్రరీల సదివిన భాయ్."

"నువ్వు దినాం గాడికి నిద్రపోనీకి పోతున్నవనుకున్న. సరే లే, పెండ్లోళ్లు ఇచ్చిన గంజులు మెరుగు పెట్టకుండ గట్లనే ఉన్నయ్."

మర్నాడు చేతులు సబ్బుతో తోముకుని ఆ పుస్తకం తెరిచాను. నా వేలిముద్ర అలాగే ఉంది. ఈసారి సిగ్గనిపించలేదు.