సగమే చెప్పిన పీహెచ్ చిట్కా

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అదేమంత పెద్ద నేరం కాదని నాకు నేను సర్దిచెప్పుకున్న ప్రతిసారీ అది ఇంకాస్త బరువెక్కింది. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను సూరత్‌లో పదకొండు, పన్నెండు తరగతుల పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. పీహెచ్ పాఠం వచ్చిందంటే నాకు చిరాకు మొదలవుతుంది. పిల్లలకు పాఠం అక్కర్లేదు, ట్రిక్ చెబితే చాలు. వాళ్ల మీద కసురుకుంటాను. నిజానికి ఆ కోపం ఎవరి మీదో నాకు తెలుసు.

నేనూ స్వరూపా పదకొండో తరగతిలో ఈ ఊళ్లోనే అడాజన్‌లో ఒకే కోచింగ్‌కు వెళ్లేవాళ్లం. మా నాన్న బ్యాంకు ఉద్యోగి, మా ఫ్లాట్ పక్క వీధిలోనే. వాళ్ల నాన్న జగిత్యాల వైపు నుంచి వచ్చి లింబాయత్‌లో మరమగ్గాల మీద పనిచేసేవాడు. క్లాసులో తెలుగువాళ్లం మేమిద్దరమే. నేను లెక్క కాగితం మీద పెట్టేలోపే తను జవాబు నోటితో చెప్పేసేది. సార్ తనను మెచ్చుకుంటుంటే పైకి నవ్వేదాన్ని. లోపల ఒళ్లు మండిపోయేది.

ఆ ఏడాది చివరి పరీక్షలో మొదటి స్థానం వచ్చినవాళ్లకు పన్నెండో తరగతి ఫీజు మాఫీ. అది రాకపోతే స్వరూప చదువు ఆగిపోతుంది. ఈ సంగతి తనే నాతో చెప్పింది. పీహెచ్ చిట్కాలు చెప్పిన రోజు జ్వరం వచ్చి తను క్లాసుకు రాలేదు. పరీక్ష ముందురోజు నన్ను అడిగింది. యాసిడ్ గాఢతలో పది మీద మైనస్ మూడుంటే పీహెచ్ మూడు, ముందు రెండు ఉంటే అందులోంచి పాయింట్ మూడు తీసెయ్ అని చెప్పాను. అంతవరకు నిజమే.

"ఇది ప్రతిసారి పనిచేస్తదా? యాడనన్న తప్పుతదా? జర జెప్పవే."

"తప్పదు. కళ్లు మూసుకుని పెట్టేయ్."

తప్పుతుంది. యాసిడ్ బలహీనమైనదైతే తప్పుతుంది. మరీ పలచనైతే నీళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి, లేకపోతే తప్పుతుంది. పరీక్షలో ఇవే వస్తాయని సార్ క్లాసులో గట్టిగా చెప్పాడు. మర్చిపోయానా? లేదు. నోటిదాకా వచ్చిన మాటను మింగేశాను.

పలచని యాసిడ్‌కు స్వరూప పీహెచ్ ఎనిమిది అని రాసింది. ఏడు దాటితే అది యాసిడే కాదు. సార్ ఆ జవాబు పైకి చదివాడు. క్లాసంతా నవ్వింది, నేను కూడా. బలహీనమైన యాసిడ్ల లెక్కలూ అలాగే పోయాయి. మొదటి స్థానం నాకు వచ్చింది. ఆ మాఫీ మా ఇంట్లో ఎవరికీ అవసరం లేదు! తను చదువు మానేసింది.

ఒక్కసారి నన్ను నిలదీసి ఉంటే బాగుండేది. నేను చెప్పింది తనకే సరిగ్గా తలకెక్కలేదనుకుంది. ఈ రోజుకీ అలాగే అనుకుంటోంది.

పోయిన నెల కూతురిని వెంటబెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఇప్పుడు ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికిస్తోంది. పిల్ల పదో తరగతి పాసైంది, సైన్సు చదువుతానంటోంది. తల్లి వద్దంటోంది.

"నాకే ఎక్కలే, దీనికేడ ఎక్కుతది? నువ్వన్న జెప్పు దీనికి" అంది నవ్వుతూ.

అప్పుడైనా చెప్పొచ్చు కదా? ఏం పోయేది? పిల్లలు నన్ను మేడం అని పిలవడం మానేస్తారా? ఆ పిల్ల నా ముఖంలోకే చూస్తోంది. కామర్స్ కూడా మంచిదేనమ్మా అన్నాను. ఛీ, ఎంత తేలిగ్గా అనేశాను! తల్లీకూతుళ్లు టీ తాగి వెళ్లిపోయారు.

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఇంత రాశాక మాత్రం కాస్త ఊపిరి ఆడుతోంది, దానికీ సిగ్గుగానే ఉంది. స్వరూపకు కెమిస్ట్రీ నాకంటే బాగా వచ్చు. తన లెక్క తప్పించింది నేను.