గోలుకో బొట్టు

మా ఆయన జీవితంలో ఒక్కసారే ఫుట్‌బాల్ ఆడారు. కాకినాడలో చదువుకునే రోజుల్లో. పావుగంటకే చీలమండ మెలికపడితే ఇద్దరు స్నేహితులు మోసుకొచ్చి గట్టు మీద కూర్చోబెట్టారట. ఆ గట్టు మీద ఎవరో వదిలేసిన ఇంగ్లీషు పత్రిక ఒకటి పడి ఉంది. రేవులో దిగిన ఏ నావికుడిదో, అట్ట మీద బంతి తన్నుతున్న దొర బొమ్మ. ఆట ముగిసింది, అందరూ ఇళ్ళకు బయలుదేరారు, ఈయన మాత్రం లేవలేదు. కాలు నొప్పేమో అనుకుని దగ్గరికి వెళ్తే, "ఉండండ్రా, ఇంకో రెండు పేజీలున్నాయి" అన్నారట. ఆ రోజు నుంచి ఆయనకు ఫుట్‌బాల్ అంటే కాగితం మీది ఆటే.

ఈ సంగతులేవీ మా వాళ్ళకు తెలియవు. తెలిస్తే పెళ్ళి చేసేవారా అని నాకు ఇప్పటికీ అనుమానమే. కుర్రాడి పేరు సూర్యప్రకాశరావు, హైదరాబాదు దగ్గర పెద్ద కర్మాగారంలో ఉద్యోగం, క్వార్టర్సు ఇస్తారు అన్నారు. అరవై ఆరులో రామచంద్రాపురం కాలనీకి కాపురానికి వచ్చాను. అప్పటికి రోడ్డు దాటితే జొన్నచేలు, పటాన్‌చెరు వెళ్ళాలంటే బస్సు కోసం ఎండలో నిలబడాలి. ఇంట్లో ఉన్నదల్లా రెండు గిన్నెలు, ఒక ట్రంకుపెట్టె. పట్టుచీరలు పెట్టుకుందామని పెట్టె మూత తీశాను. నిండా నిక్కర్లు తొడుక్కున్న దొరలు.

"ఏమండీ, ఇవన్నీ తీసి ఎక్కడ పెట్టమంటారు?" అని అడిగాను.

"తియ్యడమెందుకు హైమా? చీరలు అటక మీద పెట్టుకో, గాలి ఆడుతుంది" అన్నారు.

గాలి ఆడటమేమిటో, ఎలకలు ఆడాయి.

కర్మాగారానికి చెకోస్లొవేకియా నుంచి వచ్చిన ఇంజనీర్లు తిరిగి వెళ్ళేటప్పుడు కాలనీ వాళ్ళంతా వాళ్ళ దగ్గర రేడియోలు, కుర్చీలు కొనుక్కున్నారు. మా ఆయన రెండు చేతుల నిండా వాళ్ళ ఫుట్‌బాల్ పత్రికలు మోసుకొచ్చారు. ఆ భాష కాలనీలో ఒక్కరికీ రాదు. "ఇవెలా చదువుతారండీ?" అంటే, "అంకెలు తెలుస్తున్నాయిగా" అని మొహం చాటంత చేసుకున్నారు. నేను కందిపప్పు ఏరుతుంటే పక్కన కూర్చుని ఆ పత్రికల పుట్టుపూర్వోత్తరాలు చెప్పేవారు. ఇటలీలో ఆటల పేపరు గులాబీ రంగు కాగితం మీద వస్తుందట. అర్జెంటీనాలో లోకంలోని అన్ని విషయాలూ రాద్దామని ఒక బొమ్మల వారపత్రిక పెట్టి, చివరికి జనం మాట విని ఆటల పత్రికగా మార్చేశారట. ఇంగ్లండులో శనివారం సాయంత్రం ఆట ముగిసిన గంటకే, స్కోరుతో సహా, పత్రిక వీధుల్లో అమ్ముతారట. అంత ఆనందంగా ఆయన మా పుట్టింటి వాళ్ళ గురించి ఎప్పుడూ మాట్లాడలేదు.

డెబ్బైలో బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచింది. మా ఇంటికొచ్చే పేపర్లో ఆ వార్త ఒక మూల నాలుగు లైన్లలో వేశారు. మా ఆయన అలిగి పొద్దున్న అన్నం తినలేదు. సాయంత్రం తిన్నారు, తింటూ తింటూ తానే ఒక పత్రిక పెడుతున్నట్టు చెప్పారు. పేరు 'గోలు'. ఆఫీసు నోటీసులు తీసే సైక్లోస్టైల్ మెషీను ఒకటి రిక్రియేషన్ క్లబ్బులో ఉండేది, దాని మీద తీస్తారట. మరి రాసేదెవరు? ఆయన దస్తూరీ చూస్తే కోడి కాళ్ళకు సిరా అంటుకున్నట్టు ఉంటుంది. నాది గుండ్రంగా ఉంటుందని కాపురంలో మొట్టమొదటిసారి మెచ్చుకున్నారు. అలా నేను ఇనుప కలం పట్టి మైనపు కాగితం మీద ఫుట్‌బాల్ గీకే ఇల్లాలినయ్యాను. అక్షరం తప్పితే దాని మీద ఎర్ర మందు పూసి, ఆరేదాకా ఊదుతూ కూర్చోవాలి. ఈలోగా పొయ్యి మీద పులుసు ఇగిరిపోయేది.

'గోలు'లో ముఖ్యమైనది మా ఆయన సీరియల్: ప్రపంచ ఫుట్‌బాల్ పత్రికల చరిత్ర. కాలనీలో కొందరు చదివేవారు, కొందరు అటుకులు పోసుకునేవారు. అసలైన పాఠకులు మాత్రం పక్క పల్లె భానూరులో ఉండేవారు. ఆ ఊరి జట్టుకు గోలీ పెద్దరాములు. కర్మాగారంలోనే హెల్పరు. సంచిక రాగానే సైకిల్ మీద తీసుకెళ్ళి ఊరి చాయ్ హోటల్లో గట్టిగా చదివించుకునేవాడు. వాడి తల్లి రాజవ్వ మా కాలనీకి కూరగాయల గంప తెచ్చేది.

"ఏందమ్మా గీ కాయితం? మా పోరడు తిండి తినుడు మర్సిండు," అంది ఒకసారి, 'గోలు' అటూ ఇటూ తిప్పి చూస్తూ. "నాకైతే సీమలు బారుకట్టినట్టు కనవడ్తున్నది."

"నువ్వు చూస్తున్నది తలకిందులుగా, రాజవ్వా" అన్నాను.

"సక్కగ పట్టుకున్నా గవే సీమలు గదమ్మా" అని నవ్వి, తూకంలో లేని పచ్చిమిరపకాయలు నాలుగు వేసి వెళ్ళిపోయింది.

డెబ్బై ఒకటి దసరా ముందు క్లబ్బు సెక్రటరీ రామలింగేశ్వరరావుగారు మా ఆయన్ని పిలిపించారు. మాట నెమ్మది, మనిషి మొండి. "మీ పత్రికలో ఆట సంగతి ఆట అయిన పదిహేను రోజులకు వస్తోంది. ఇంగ్లండులో గంటలో వస్తుందని మీరే రాశారు కదండీ. దసరా కప్పు ఫైనలు నాడు, బహుమతులు ఇచ్చేలోగా, స్కోరుతో సహా పత్రిక నా చేతిలో పెట్టండి. పెడితే మెషీను మీ ఇష్టం. లేదంటే ఇంకు, కాగితం దండగ. 'గోలు' ఆపేద్దాం" అన్నారు.

మా ఆయన గాలిలో తేలుతూ ఇంటికి వచ్చారు. "ఒప్పుకున్నాను హైమా! ఇంగ్లండులో చేసే పని మనం చెయ్యలేమా?"

ఫైనలు మా కాలనీ జట్టుకూ భానూరుకూ. మెషీను ఆ సాయంత్రానికి అట్టిపెట్టమని చెప్పడానికి మా ఆయన రెండు రోజుల ముందు క్లబ్బుకు వెళ్ళారు. అటెండరు నర్సింహ ఆయన్ని ఎగాదిగా చూశాడు.

"ఆ దినమా? ఎట్ల నడుస్తది సార్? ఆయుధ పూజ గద! పొద్దుగాలనే మెషీన్ కడిగి, బొట్లు పెట్టి, దండేస్త. పూజల కూసున్నదాన్ని ఇగ దసరా ఎల్లెదాంక ఎవ్వల్ని ముట్టనియ్య."

నవమి నాడు పనిముట్టుకు పూజ చేసి పక్కన పెట్టడం మా కాకినాడలోనూ ఉంది, వీళ్ళ భానూరులోనూ ఉంది. ఏ దేశంలో ఏ కప్పు ఏ నెలలో ఆడతారో నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి, పండగ సంగతే మరిచిపోయారు. పోనీ తేదీ మార్పిద్దామా అంటే కుదరదు. ఆయుధ పూజ రోజున యంత్రాల దగ్గర పూజలు అవగానే కర్మాగారం జనమంతా పెళ్ళాం పిల్లలతో మైదానంలోనే ఉంటారు, ఫైనలు ఎప్పుడూ ఆ సాయంత్రమే.

ఇంటికి వచ్చి కాసేపు పచార్లు చేసి, "ముందే తీసేద్దాం. ఎల్లుండి ఆట మన వాళ్ళే గెలుస్తారు, ఎప్పుడూ గెలిచేది వాళ్ళేగా. రాయి: కాలనీ రెండు, భానూరు ఒకటి" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. ఇనుప కలం బల్ల మీద పెట్టేశాను. "జరగని ఆట నా చేత్తో రాయను. రెండేళ్ళ కిందటి తెలంగాణ గొడవల్లో మీవాళ్ళు, మావాళ్ళు అని ఎన్ని మాటలు పడ్డామో మరిచిపోయారా? రాజవ్వ గంప దింపి మంచినీళ్ళు తాగేది మన గుమ్మంలో. ఆడకముందే వాళ్ళ పిల్లలు ఓడిపోయారని రాసి, రేపు ఆమె మొహం ఎలా చూడను?"

ఆయన తప్పని తెలిస్తే వాదించరు, ఆ గుణం ఉంది. ముఖం మాత్రం వాడిపోయింది. నాకే జాలేసి, "ఇంతకీ ఆ ఇంగ్లండు వాళ్ళు గంటలో ఎలా తెచ్చేవారండీ? వాళ్ళూ ముందే రాసేసేవారా?" అన్నాను.

ఆ మాట వినడమేమిటి, ట్రంకుపెట్టె మీద పడ్డారు. ఒక పాత సాయంకాలం పేపరు తీసి పరిచారు. పేజీ అంతా చక్కగా అచ్చయి, ఒక మూల మాత్రం అక్షరాలు అలికినట్టు, కొంచెం వంకరగా ఉన్నాయి. "చూశావా? అంతా ముందే అచ్చేసి ఈ మూల ఖాళీ వదిలేస్తారు. చివరి స్కోరు తెలిశాక అందులో గుద్దుతారు. ఇన్నాళ్ళూ నేనే సీరియల్ రాస్తూ నాకు తట్టలేదు!" అని పకపకా నవ్వారు. నేనూ నవ్వాను.

మైనపు కాగితం మీద రెండు జట్ల పేర్లూ, ఆటగాళ్ళ పేర్లూ, ఇదివరకటి ఆటల ముచ్చట్లూ రాసి, అడుగున రెండు గళ్ళు గీశాను. ఒకటి కాలనీది, ఒకటి భానూరుది. రెండూ ఖాళీ. పూజ ముందు రోజే నర్సింహ ప్రతులు తిప్పి ఇచ్చాడు.

నవమి నాడు మైదానం తిరనాళ్ళలా ఉంది. గోలుపోస్టుకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి ఆట మొదలుపెట్టారు. నేను పేరంటాలు ముగించుకుని, చేతిలో కుంకుమ భరిణెతో అలాగే వచ్చి ఆడవాళ్ళలో కూర్చున్నాను. మా కాలనీ వాళ్ళు మొదటే ఒక గోలు కొట్టి మురిసిపోయారు. అంతే, తర్వాత భానూరు పిల్లలు చెలరేగిపోయారు. వరసగా మూడు కొట్టారు. చివర్లో మా వాళ్ళు ఎంత తన్నినా పెద్దరాములు బంతిని గంపలో సొరకాయ వేసుకున్నట్టు పొట్టకు హత్తుకున్నాడు. ఈల ఊదారు. భానూరు మూడు, కాలనీ ఒకటి.

మా ఆయన ప్రతుల కట్ట చంకలో పెట్టుకుని పరుగు. బల్ల దగ్గర కూర్చుని, మొదటి ప్రతి తీసి, చెయ్యి జేబులో పెట్టారు. జేబులో పెన్ను లేదు. పొద్దున్న ఆయన పనిచేసే టైమాఫీసులో పెన్నులన్నీ నర్సింహ ఏరుకుపోయి మెషీను పక్కన పేర్చి బొట్లు పెట్టాడు. ఇళ్ళలో పిల్లల పెన్సిళ్ళతో సహా దేవుడి ముందే ఉన్నాయి. ఎవరో ఒకరిద్దరి జేబుల్లో పెన్నులు కనబడ్డాయి కానీ, "పూజ నాడు రాయకూడదండీ" అని వాళ్ళు జేబు మూసుకున్నారు.

రామలింగేశ్వరరావుగారు వచ్చి ఖాళీ గళ్ళు చూశారు. "కలం పట్టమని నేనూ అననండీ, పట్టకూడదు కూడా. కానీ మాట మాటే. స్కోరు లేకపోతే ఇది ఆట పత్రిక ఎలా అవుతుంది?" అన్నారు. వెనక బహుమతుల కప్పుకు గుడ్డ తీస్తున్నారు. మా ఆయన ఆ కట్ట మీద రెండు చేతులూ పెట్టి తల వంచుకుని కూర్చున్నారు. ఎన్నిసార్లు వేళాకోళం చేశానో ఆ పత్రికను! ఆ క్షణంలో మాత్రం నా ప్రాణం ఉసూరుమంది. నా చేత్తో గీసిన ఆ రెండు గళ్ళూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది.

కలం పట్టకూడదు, సరే. కుంకుమ పట్టకూడదని ఎవరన్నారు?

లేచి వెళ్ళాను. గోలుపోస్టు దగ్గరి కొబ్బరి చిప్పలో మిగిలిన నీళ్ళలో కుంకుమ కలిపాను. ఉంగరం వేలు ముంచి, భానూరు గడిలో మూడు బొట్లు పెట్టాను, కాలనీ గడిలో ఒకటి. "ఏమండీ, కట్ట ఇటివ్వండి" అన్నాను. మా వీధి ఆడవాళ్ళు చూశారు, భానూరు నుంచి వచ్చిన ఆడవాళ్ళు చూశారు. ఎవరూ ఎవరినీ పిలవలేదు. తలా కొన్ని ప్రతులు ఒళ్ళో వేసుకుని బొట్లు పెట్టడం మొదలుపెట్టారు. బల్ల మీద కప్పు పెట్టేలోగా కట్ట పూర్తయింది.

మొదటి ప్రతి సెక్రటరీగారి చేతికిచ్చాను. ఆయన దాన్ని తిరగేసి చూసి, శుభలేఖ అందుకున్నట్టు కళ్ళకద్దుకున్నారు. "బొట్టు పెట్టి చేతికిస్తే ఆపేదెలాగమ్మా?" అని మా ఆయన భుజం తట్టి, "మెషీను మీదేనండీ. దసరా వెళ్ళాక" అన్నారు.

కప్పు భానూరుకు ఇచ్చాక లేచిన గోలలో రాజవ్వ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. కొడుకు కప్పు పట్టుకుని ఎగురుతున్నాడు, అటు చూడటం లేదు. నా చేతిలోంచి ఒక ప్రతి లాక్కుని, తిన్నగా పట్టుకుని, వేలితో బొట్లు తాకింది.

"ఒకటి, రెండు, మూడు. గివి మావి. గా ఒక్కటి మీది. నాకు సదువొచ్చిందమ్మో!" అని కేక పెట్టింది. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "సారూ, ఆ దొరల దేశంల గూడ పేపర్లకు గిట్లనే బొట్లు పెడ్తరా?" అని అడిగింది.

మా ఆయనకు ఏ దేశం పత్రిక గురించి అడిగినా జవాబు నాలుక చివరే ఉంటుంది. ఆ రోజు మాత్రం తల అడ్డంగా ఊపి, కళ్ళజోడు తుడుచుకున్నారు.

దసరా వెళ్ళాక వచ్చిన సంచికలో ప్రపంచ ఫుట్‌బాల్ పత్రికల చరిత్రకు చివరి భాగం రాశారు. ఇంగ్లండు, ఇటలీ, అర్జెంటీనా అయిపోయాక, చిట్టచివరి పేరా ఇలా చెప్పి రాయించారు: రామచంద్రాపురంలో పత్రిక చదువురాని వాళ్ళు కూడా చదువుతారు. ఒక్క అక్షరం కూడా తప్పు పోకుండా రాశాను. ఆ రోజు పులుసు మాడిపోయినా నేనేమీ అనలేదు.