బొగ్గులో దొరికిన ఆకు

జంషెడ్‌పూర్‌లో మా బడి మెట్ల కింద ఒక చీకటి గది ఉండేది. దాన్ని మ్యూజియం అనేవాళ్లం. సీసాల్లో పాములు, ఒక కన్ను ఊడిన గుడ్లగూబ, అట్టకు గుచ్చిన సీతాకోకచిలుకలు. ప్రతిదాని ముందూ ఒక చిన్న కార్డు: ఏమిటది, ఎక్కడ దొరికింది, ఎవరిచ్చారు. ఒక్క కార్డు మీదైనా నా పేరు చూసుకోవాలని ఆరో తరగతంతా కలలు కన్నాను.

డెబ్బైల్లో ఇంకా ఆవిరి ఇంజన్లే నడిచేవి. నాన్న టాటానగర్ లోకోషెడ్డులో ఫైర్‌మన్, ఇంజన్లో బొగ్గు వేసే పని. ఒకనాడు డ్యూటీ దిగొచ్చి అన్నం క్యారేజీలోంచి అరచేతంత నల్లరాయి తీసి నా ముందు పెట్టాడు. దాని మీద ఒక ఆకు, ఈనెలతో సహా, ఇప్పుడే రాలిపడ్డట్టు.

"బొగ్గు కొడతంటే పలకలాగ ఊడొచ్చింది. మీ బడికిచ్చీయ్. బొగ్గులోదని మాత్రం సెప్పకు. రైల్వే బొగ్గు ఇంటికట్టుకొచ్చీసినానంటే నౌకరీ మీదకొత్తాది" అన్నాడు.

మా సైన్సు టీచరు బెంగాలీ ఆవిడ, మేం దీదీ అనేవాళ్లం. రాయి చూడగానే కుర్చీలోంచి లేచిపోయింది. కోట్ల ఏళ్లనాటి ఆకు అంది. అడవులకు అడవులే నీట మునిగి, మట్టి కప్పుకుని బొగ్గయ్యాయంది. ఎక్కడ దొరికిందని అడిగితే, సువర్ణరేఖ ఏటి ఒడ్డున అన్నాను. అబద్ధం ఎంత సులువుగా వచ్చిందో! కార్డు మీద అదే రాసింది, పక్కన నా పేరు.

ఆ వారమంతా నేను నేల మీద లేను. లెక్కల క్లాసులో కూర్చుని, నీళ్లలో నిలబడ్డ చెట్ల మధ్య తిరిగేదాన్ని. నాన్న పార ఎత్తినప్పుడల్లా ఒక చెట్టు ఇంజన్లోకి వెళ్తోందనుకునేదాన్ని. మా పేట గోల్‌మురి మీద పొగ లేస్తే అందులోనూ కొమ్మలే కనబడేవి.

ఆదివారం దీదీ క్లాసు మొత్తాన్నీ ఏటి ఒడ్డుకు తీసుకెళ్లింది, అలాంటివి ఇంకా వెతకడానికి. ఏప్రిల్ ఎండ. ఆవిడ చీర కుచ్చిళ్లు తడిసి, మొహం కందిపోయినా, ఇంకొంచెం చూద్దాం అంటూనే ఉంది. ఏమీ దొరకదని తెలిసీ నేనూ వంగి రాళ్లు తిరగేశాను. సిగ్గుతో చచ్చిపోయాను. చెబితే నాన్న ఉద్యోగం పోతుందేమో. చెప్పకపోతే వచ్చే ఆదివారం మళ్లీ వెతుకుతుందట. ఇంటికొచ్చి అన్నం ముట్టకపోతే నాన్న ఏమైందని అడిగాడు. ఏడుస్తూ అంతా చెప్పేశాను.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని నాతో బడికొచ్చాడు. చేతులు కట్టుకుని, వచ్చీరాని హిందీలో, రాయి తనదనీ, రైల్వే బొగ్గులో దొరికిందనీ, దొంగతనమంటారని భయపడి దాయమన్నది తనేననీ, పిల్ల తప్పేమీ లేదనీ చెప్పాడు.

దీదీ నవ్వేసింది. మండని రాయిని పట్టుకుని బొగ్గు దొంగతనం అనేదెవరంది. ఆ బొగ్గు ధన్‌బాద్ గనుల వైపు నుంచి వచ్చిందని అడిగి తెలుసుకుని, పాత కార్డు చింపి, కొత్త కార్డు మీద నాన్న పేరు రాసింది. నా పేరు పోయినందుకు కాస్త కడుపుమంటగానే ఉంది, అబద్ధమెందుకు.

నాన్న మ్యూజియంలో అద్దాల బీరువా ముందు చాలాసేపు నిలబడ్డాడు. మురిసిపోతున్నాడనుకున్నాను. గేటు దాకా వచ్చి ఆగాడు.

"పదేనేళ్లయిందమ్మా నాను బొగ్గెయ్యడం. సూడకండా ఇలాటివెన్ని మంటలో ఏసీసినానో" అన్నాడు.

నాకు ఏడుపొచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాను. మధ్యాహ్నం రెండింటికి ఆయనకు డ్యూటీ ఉంది.