అమ్మ పోయిందన్న మాట

ఢిల్లీలో నేను చేరిన కాలేజీలో, అసలు క్లాసులకు ముందు మొదటి సంవత్సరం వాళ్లకు రెండు వారాల ఓరియెంటేషన్ కోర్సు ఉండేది. ప్రొద్దుటూరు నుంచి వచ్చిన నాకు హిందీ వింటే సగం అర్థమయ్యేది, నోరు తెరిస్తే మాత్రం మాట వచ్చేది కాదు. హాస్టల్లో ఎవరైనా పలకరిస్తే నవ్వి తప్పుకునేదాన్ని.

ఒకరోజు కోర్సు నడిపే మేడమ్ మమ్మల్ని జంటలుగా కూర్చోబెట్టారు. పక్కవాళ్ల గురించి అడిగి తెలుసుకుని, స్టేజీ ఎక్కి వాళ్లను అందరికీ పరిచయం చెయ్యాలి. నా పేరు వినగానే నా పక్కమ్మాయి, "తెలుగా? మేము కూడా తెలుగే!" అంది. వాళ్ల నాన్న మిలిటరీ. పుట్టినప్పటినుంచీ కంటోన్మెంట్లలోనే పెరిగింది. తెలుగు అర్థమవుతుంది గాని, ఆ ఒక్క ముక్క దాటితే జవాబు హిందీలోనే వస్తుంది. నాకు అదే చాలనిపించింది.

"ఘర్ మే కౌన్ కౌన్ హై?" అని అడిగింది.

"నాయన, నేను, తమ్ముడు. మాయమ్మ ఈ ఎండాకాలంలోనే పోయింది."

"అచ్ఛా..." అంటూ నా చెయ్యి పట్టుకుంది. ఇంకేమీ అడగలేదు. అడగనందుకే ఆమె మీద ఇష్టం కలిగింది.

మా వంతు వచ్చింది. ఆమె మైకు తీసుకుని నా ఊరు, నా చదువు చెప్పింది. తర్వాత గొంతు తగ్గించి, "ఇస్కీ మమ్మీ ఇసే ఛోడ్‌కర్ చలీ గయీ," అంది. అమ్మ నన్ను వదిలేసి వెళ్లిపోయిందట. పోవడానికి ఆమెకు తెలిసిన అర్థం అదొక్కటే.

కాదని చెప్పబోయాను. చనిపోయిందనడానికి హిందీ మాట ఆ క్షణాన గుర్తుకు రాలేదు. మేడమ్ నన్ను ధైర్యమున్న పిల్ల అని మెచ్చుకుని, చప్పట్లు కొట్టమన్నారు. హాలంతా కొట్టింది. ఆసుపత్రి మంచం మీద కూడా నా పరీక్షల గురించే అడిగిన మా అమ్మ, ఆ చప్పట్ల మధ్య ఇల్లు వదిలి లేచిపోయిన మనిషైపోయింది.

బయట వరండాలో ఆ అమ్మాయిని ఆపి, "మా అమ్మ చచ్చిపోయింది," అన్నాను. ఆ మాట అంత మొరటుగా అంతవరకూ ఎవరితోనూ అనలేదు. ఆమె మొహం పాలిపోయింది. "సారీ యార్, ముఝే లగా..." అంటూ, తను అనుకున్నది వేరే అని ఏడ్చేసింది. వెళ్లి మేడమ్‌తో కూడా చెప్పింది. మళ్లీ అందరికీ చెప్పించనా అని మేడమ్ అడిగితే వద్దన్నాను. అమ్మ చావును మైకులో వినే ఓపిక నాకు లేదు.

మర్నాడు క్యాంటీన్లో, రోజూ ఘాజియాబాద్ నుంచి వచ్చే ఒకమ్మాయి నా ఎదురుగా కూర్చుంది. తన పరాఠాలో సగం తుంచి నా ప్లేటులో పెట్టింది. "మేరీ భీ చలీ గయీ థీ," అంది మెల్లగా. చిన్నప్పుడే వాళ్లమ్మ వెళ్లిపోయిందట, నిజంగానే. ఇక్కడ ఇంకెవరికీ చెప్పలేదంది. ఆ ఊళ్లో తనంతట తాను నా దగ్గరికి వచ్చిన మొదటి మనిషి ఆమె.

ఆమెను మోసం చెయ్యలేకపోయాను. "నహీ... మేరీ మమ్మీ మర్ గయీ," అన్నాను. ఈసారి మాట దొరికింది.

ఆమె చేతిలోని పరాఠా ముక్క ప్లేటులో పెట్టేసింది. "అచ్ఛా. ఫిర్ తో తేరీ అచ్ఛీ థీ," అంది. అయితే మీ అమ్మ మంచిదేనన్నమాట. ప్లేటు తీసుకుని వేరే బల్ల దగ్గరికి వెళ్లింది. ఆ తర్వాత నేను కనిపిస్తే తల తిప్పుకునేది. దాచుకున్నది నా దగ్గర అనవసరంగా బయటపెట్టానని అనుకుని ఉంటుంది.

కోర్సు ముగిసి క్లాసులు మొదలయ్యాయి. మిలిటరీ వాళ్లమ్మాయి వేరే సెక్షన్లో పడింది. ఎదురైతే చెయ్యి ఊపేది, తెలుగు మాత్రం మళ్లీ ఎత్తలేదు. నేను వెనక వరసలో కూర్చుని, హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్" అనేదాన్ని. చాలా రోజులు కాలేజీలో నేను పలికింది ఆ ఒక్క మాటే.