ఆరో గడిలో మనిషి

నా డైరీలో ఆయన పేరు లేదు, ‘బొమ్మలాయన’ అని మాత్రమే ఉంది. నేను కలకత్తా దగ్గర షాలిమార్ గూడ్స్ యార్డులో పనిచేసే రోజుల్లో అక్కడొక బెంగాలీ సినిమా తీశారు. సన్నివేశాన్ని ముందుగా కాగితం మీద గడులు గీసి, గడికొక బొమ్మగా వేసి ఇచ్చేవాడు మన శ్రీకాకుళం ఆయనే. షూటింగుకు ముందు రోజే వచ్చి, చెవి మీది పెన్సిలు తీయకుండా సాయంత్రం దాకా యార్డును చూస్తూ కూర్చున్నాడు.

"ఇంకా గీయలేదా?" అన్నాను.

"సూడ్డం అవనీ బాబూ. గీతకెంతసేపు?"

మర్నాడు కథానాయిక ఏడుస్తూ నిజం గూడ్సుబండి వెంట పరుగెత్తాలి. రైల్వేవాళ్లు ఒక్క బండికే అనుమతిచ్చారు కనుక, చెడితే మళ్లీ తీసే వీల్లేదు. బండి వచ్చింది, ఆమె పరుగెత్తింది. నేను అలవాటుగా గడియారం చూసి, డైరీలో వేళ రాసుకున్నాను. తలెత్తేసరికి కెమెరా నా వైపే ఉంది.

"దాదా, పాడుచేశానా?" అని దర్శకుణ్ణి అడిగాను. ఆయన నవ్వి, బొమ్మల కాగితం చేతికిచ్చాడు. ఆరో గడిలో, పరుగెత్తే అమ్మాయి వెనక, తల వంచుకుని డైరీ రాసుకుంటున్న నేనే ఉన్నాను!

"ముందే చెప్పొచ్చు కదయ్యా?" అన్నాను బొమ్మలాయనతో.

"సెప్తే తమరు కెమెరా ఏపు సూసేత్తారు బాబూ. నిన్న మూడు బళ్లెల్లాయి. మూడుసార్లూ రాసుకున్నారు గదేటి!"

ఆనాటి డైరీలో బండి వేళ నిమిషంతో సహా ఉంది. పక్కనే ఒక అమ్మాయి ఏడుస్తూ పరుగెత్తిందని లేదు. అది ఆయన గీసిన గడిలోనే ఉంది.